విశాఖ ఉప్పుగాలిలో పాత కారు: తలుపుల లాకులు మొరాయిస్తే

తలుపులన్నిటికీ ఒకేసారి లాకు వేసే సెంట్రల్ లాకింగ్ మొరాయించగానే, లాకును కదిలించే మోటారు కాలిపోయిందనుకుని కొత్తది కొనేవారే ఎక్కువ. అయితే తీరానికి దగ్గరున్న లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వంటి చోట్ల ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన కార్లలో మోటారు కంటే ముందు వైర్లను అనుమానించాలి. తేమతో కలిసిన ఉప్పు కనెక్టర్లలోకి చేరి, రాగికి పచ్చటి చిలుము పట్టిస్తుంది.

ముందుగా అన్ని తలుపులూ ఆగిపోయాయో, ఒక్కటే ఆగిందో తేల్చుకోవాలి. అన్నీ ఆగిపోతే ఫ్యూజు చూడాలి. పోయినదాని స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలే తప్ప పెద్దది వేయకూడదు, వేస్తే ఈసారి కాలేది వైరే. లోపలి స్విచ్చుకు పలికి రిమోట్‌కు పలకకపోతే రిమోట్ సెల్లు మార్చి చూడండి.

ఒక్క తలుపే మొండికేస్తే, తలుపుకూ బాడీకీ మధ్యనున్న రబ్బరు గొట్టం దగ్గరే నేను మొదలుపెడతాను. తలుపు తీసిన ప్రతిసారీ అందులోని వైర్లు వంగుతాయి కనుక, అందరికంటే ఎక్కువసార్లు తెరిచే డ్రైవర్ తలుపులోనే అవి ముందుగా తెగుతాయి. నా కారులో వైర్ల పైతొడుగు చెక్కుచెదరలేదు. వైరును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే ఒకచోట మాత్రం రబ్బరులా సాగింది, లోపల రాగి తెగిపోయి ఉంది. అలాంటి చోట కొత్త వైరు ముక్క కలిపి సోల్డరింగ్ చేసి, దానిపై వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఈ ఊరి తేమకు నిలవదు.

వైర్లు బాగుంటే డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు పలక) విప్పాలి. అద్దం పూర్తిగా పైకెత్తి, బ్యాటరీ నెగటివ్ తీసేశాకే ఆ పని మొదలుపెట్టండి. తలుపులో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే మెకానిక్‌కే వదిలేయడం మంచిది. ప్యాడ్ వెనకనున్న ప్లాస్టిక్ షీటును చింపకుండా ఊడదీసి, చివరలో తిరిగి అతికించాలి, లేకపోతే అద్దం మీదుగా దిగే వాననీరు ప్యాడ్‌ను నానబెడుతుంది.

తర్వాత బ్యాటరీ మళ్లీ కలిపి, మోటారుకు వెళ్లే రెండు వైర్ల మధ్య 12 వోల్టుల టెస్ట్ లైటు పెట్టి, స్విచ్చు రెండు వైపులా నొక్కి చూడండి. కరెంటు దిశ మారడం వల్లనే మోటారు ఒకసారి వేసే వైపు, ఒకసారి తీసే వైపు తిరుగుతుంది. ఆ కరెంటు వచ్చేది క్షణకాలమే కాబట్టి డిజిటల్ మీటరు కంటే లైటే నమ్మకం. లైటు వెలగకపోతే లోపం ఇంకా వైరింగులోనో, స్విచ్చులోనో ఉన్నట్టు. వెలిగినా మోటారు కదలకపోతే, దాన్ని లాకుకు కలిపే కడ్డీ విడదీసి లాకును చేత్తో ఆడించండి. బిగుసుకుపోయి ఉంటే శుభ్రం చేసి తెల్ల గ్రీజు రాస్తే చాలు; తేలికగా ఆడితేనే మోటారు మార్చాలి.

ప్యాడ్ బిగించే ముందు, తలుపు తెరిచే ఉంచి, దాని అంచున కొక్కెంలా ఉండే లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసి, పదిసార్లు లాకు వేసి తీసి చూడండి. ఆ తర్వాత హ్యాండిల్ లాగి లాచ్‌ను విడిపించాకే తలుపు వేయాలి.