పిల్లల నోరు చదువుదాం – 3: ఆరో ఏటి దవడపన్ను

పోయిన పాఠంలో పాలపళ్ళు ఇరవై అని లెక్క నేర్చుకున్నాం కదా, ఇప్పుడు ఆ లెక్కే అక్కరకొస్తుంది.

పిల్లాణ్ణి వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టండి. చేతులు కడుక్కుని చెంపను వేలితో పక్కకు లాగి, కింద దవడ మధ్య నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఒకటి, రెండు ముందు పళ్ళు. మూడు కోరపన్ను. నాలుగు, ఐదు పాల దవడపళ్ళు. ఊడిన చోటు ఖాళీగా ఉంటే దాన్నీ లెక్కలో వేయండి. ఆరోది కనిపించిందా? అది పాలపన్ను కాదు.

దాదాపు ఆరేళ్ళకు వచ్చే ఈ పన్ను కోసం ఏ పన్నూ ఊడదు. అందుకే ఇంట్లో ఎవరి కంటా పడదు. తొలి పన్ను పైన వచ్చిందా కింద వచ్చిందా అని మేనమామ గండం కోసం చూసే ఇళ్ళలోనూ దీన్ని పట్టించుకోరు. పుచ్చిపోయాక 'పాలపన్నేగా, ఊడిపోతుందిలే' అనే మాట గుంటూరు వీధుల్లో విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇది పోతే దీని చోట ఇంకోటి మొలవదు.

దీని పైభాగం గట్టిపడటం బిడ్డ పుట్టే వేళకే మొదలై, సుమారు మూడేళ్ళకు పూర్తవుతుంది. పన్ను పైనుండే గట్టి పొర ఎనామిల్; దాన్ని కట్టే కణాలు పన్ను బయటికొచ్చేసరికి నశిస్తాయి కాబట్టి తర్వాత మరమ్మతు చేసుకునే దారి ఒంటికి లేదు. వినుకొండ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు ఆ వయసులో తాగితే సున్నపు చారలు, గోధుమరంగు మచ్చలు పడేది ఇందుకే.

మరి ఎముకలో ఉన్న పన్ను పైకెలా వస్తుంది? వేరు తోస్తుందని చాలామంది అనుకుంటారు. 1980లలో కాహిల్, మార్క్స్ అనే పరిశోధకులు కుక్కల మీద పరీక్షించారు. మొలవబోయే పన్ను చుట్టూ ఉండే తిత్తిని తీసేస్తే పన్ను రాలేదు. తిత్తిని ఉంచి, పన్ను బదులు లోహపు నమూనా పెడితే అది పైకొచ్చింది! దారిలోని ఎముక కరిగేలా చేసేది ఆ తిత్తే. పన్ను ఆరేళ్ళకే వచ్చినా, దాని వేరు పూర్తయ్యేది తొమ్మిది, పదేళ్ళకు.

పైకొచ్చే నెలల్లో ఈ పన్ను పక్కవాటికంటే కిందుగా ఉంటుంది, బ్రష్ దానికి తగలదు. బ్రష్‌ను చెంప వైపు నుంచి అడ్డంగా పెట్టి, ఆ ఒక్క పన్నునూ విడిగా మీరే తోమండి. పన్ను మీది గాడులు లోతుగా ఉంటే, వాటిని కప్పే పూత (సీలెంట్) వేయించడం మంచిది. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో, గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులోని దంత కళాశాలలోనో అడగండి.

వచ్చే పాఠంలోగా మీ ఇంట్లో, పక్కింట్లో ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లల నోళ్ళు చూసి, నాలుగు మూలల్లో ఆరో పన్ను ఏ నెలలో కనిపించిందో రాసిపెట్టుకోండి. ఒక వైపు వచ్చాక ఆరు నెలలు దాటినా రెండో వైపు రాకపోతే దంతవైద్యుడికి చూపించండి.