మజ్జిగ తాగని వాళ్ళకి వేసవి జాగ్రత్తలు

ఉగాది దాటి ఎండ ముదిరిందంటే మా శ్రీకాకుళంలో ఎవరింటి గుమ్మమెక్కినా ముందు చేతికొచ్చేది మజ్జిగ గ్లాసే. శీతాకాలమంతా పాలూ పెరుగూ నెయ్యీ లేకుండా గడిపేసినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏప్రిల్లో ఒక్క గ్లాసు మజ్జిగ వద్దన్నామా, "పడదేటమ్మా? ఒంట్లో బాగోలేదేటి?" అని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. అమ్మైతే మరీను. "మజ్జిగ లేకండా ఏసంగి ఎలాగెల్తాదే?" అని మొదటి ఏడాది రోజూ అడిగేది.

నేను పాడి మానేసి వీగన్‌గా, అంటే జంతువుల నుంచి వచ్చేవేవీ తినకుండా, మారి ఆరేళ్ళయింది. మొదటి రెండు వేసవులూ మజ్జిగ తప్పించుకోవడమే పెద్ద పని అనుకున్నాను. మూడో వేసవిలో శనివారం రాత్రి జీడిపప్పు పెరుగు తోడేసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు కరెంటు లేదు. సోమవారం అదే డబ్బాలో పెట్టుకెళ్ళి తిన్నాను. మంగళ, బుధవారాలు మంచం మీదే. పాలు పాడైతే విరిగి, వాసనొచ్చి మనకి చెప్పేస్తాయి. పుల్లగా ఉండాల్సిన జీడిపప్పు పెరుగు ఎంత పుల్లనైతే పాడైనట్టో నాలిక పట్టుకోలేదు. అందుకే ముందు వంటింటి సంగతి చెప్తాను, హోటలు సంగతి తర్వాత.

తరవాణి కుండ

మజ్జిగకి బదులు ఏమిటని కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. మన ఇళ్ళలో తరవాణి ఉండనే ఉంది. మా అమ్మమ్మ పద్ధతి ఇది: మట్టికుండలో గంజీ నీళ్ళూ పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, నీడపట్టున పెట్టాలి. రెండు మూడు రోజులకి పులుపెక్కుతుంది. అప్పట్నించి రోజూ రాత్రి అన్నం అందులో వేసి, పొద్దున్నే ఆ అన్నం, కాస్త నీళ్ళూ తీసుకుని, తీసినంత మేర మళ్ళీ గంజి పోస్తారు. ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ చాలు. ఇందులో పాలచుక్క ఉండదు. ఊళ్ళో పొలం పనికెళ్ళే వాళ్ళు పొద్దున్నే ఇది తాగి ఎండలోకి దిగేవారు.

అయితే దీనికీ నియమాలున్నాయి. అన్నం పొగలు కక్కుతుండగా కుండలో వెయ్యకూడదు. అలాగని గిన్నెలో మూతపెట్టి సాయంత్రమంతా గోరువెచ్చగా వదిలేసి, నిద్రకి ముందు గుర్తొచ్చి వెయ్యనూకూడదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. అన్నం గంటల తరబడి వెచ్చగా ఉంటే అవి పెరిగి విషం తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి అన్నాన్ని పళ్ళెంలో పల్చగా పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, గంటలోపు కుండలోకి దించెయ్యాలి. పొద్దున్న తొమ్మిదింటికల్లా తినెయ్యాలి. పుల్లటి వాసన ఫరవాలేదు. తీగలు సాగినా, మురుగు వాసనొచ్చినా, పైన రంగు బూజు కనబడినా మొత్తం పారబోసి, కుండ కడిగి, ఒకరోజంతా ఎండలో బోర్లించాలి. బూజు తీసేసి అడుగుది వాడుకుందామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు.

చోడి (రాగి) అంబలి కూడా అంతే సుఖం. కాకపోతే బండి మీద కొనేటప్పుడు, "మజ్జిగ కలిపీశారా, విడిగా పోస్తారా?" అని గ్లాసు నింపకముందే అడగాలి. చాలా బళ్ళ మీద పెద్ద డేక్సాలోనే కలిపేసి ఉంటుంది. పొద్దున్న ఏడుకి వెళితే కలపకముందుది దొరుకుతుంది. పక్కన నంజుకోమని ఇచ్చేవి చల్ల మిరపకాయలు. పేరులోనే చల్ల ఉంది. మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టినవే. ఈ ముక్క నాకు రెండేళ్ళు తట్టలేదు! ఇప్పుడు ఇంట్లో మిరపకాయల్ని చీల్చి, ఉప్పేసిన తరవాణి నీళ్ళలో నానబెట్టి ఎండబెడుతున్నాను. అమ్మకి తేడా తెలియలేదు. చెప్పాక తెలిసిందంది.

పాలు కాని పాలు, పెరుగు కాని పెరుగు

కొబ్బరిపాలు, వేరుశనగ పాలు, జీడిపప్పు పాలు దేనికైనా ఒకటే లెక్క. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. మామూలు రోజుల్లో వండిన పదార్థం బయట రెండు గంటలు ఉండొచ్చు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మేలో మన వంటింట్లో 32 ఎప్పుడు దాటుతుందని అడగక్కర్లేదు, పొద్దున్న కాఫీ వేళకే దాటి ఉంటుంది. అందుకని కొబ్బరిపాలు తీసిన పూటే వాడెయ్యాలి. మా జిల్లాలో కొబ్బరితోటల సీమ ఉద్దానం నుంచి చుట్టాలు పది కొబ్బరికాయలు తెచ్చారని అన్నీ ఒకేసారి తురిమి పాలు తీసి పెట్టుకోవద్దు. కాయగా ఉంటే అది నెలకీ చెడదు, కొట్టాకే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తియ్యకండి. మూసి ఉంచితే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. నాకు ఆ ఆదివారం దెబ్బ తగిలింది కరెంటు పోయినందుకు మాత్రమే కాదు, చల్లగా ఉందా లేదా అని నేను పది నిమిషాలకోసారి తలుపు తీసి చూసినందుకు.

ఇప్పుడు నేను వేరుశనగ పెరుగే తోడేస్తున్నాను. ఒక గ్లాసు గుళ్ళు రాత్రి నానబెట్టి, పొద్దున్న తొక్క తీసి, మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలని సన్నటి సెగ మీద కలుపుతూ కాచాలి. వేలు ముంచితే ఓర్చుకునేంత వెచ్చదనానికి వచ్చాక ఐదారు పచ్చిమిరపకాయల తొడిమెలు కడిగి వెయ్యాలి. తోడు అదే. మొదటిసారి పల్చగా, కాస్త వగరుగా వస్తుంది. దాంతో రెండోసారి తోడేస్తే గట్టిగా కుదురుతుంది. వేసవిలో ఐదారు గంటలు చాలు. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండో రోజుకల్లా తినెయ్యడం. గుళ్ళు కొనేటప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకుని ఏరాలి. ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు వాసనొచ్చేవి ఒక్కటి కూడా ఉంచకూడదు. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ కాలేయానికి చెరుపు, మన వంట వేడికి పోదు. పలాస జీడిపప్పు ఎంత మంచిదైనా, పెరుగుకి నాకు వేరుశనగే నచ్చింది. ఖర్చు కూడా కలిసొస్తుంది.

ఇడ్లీ పిండి రుబ్బడం వేసవిలో రాత్రి పదింటికి మార్చుకోండి. సాయంత్రం రుబ్బితే తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీదికి వచ్చేస్తుంది. ఇక ఆవకాయ వీగన్‌కి పెన్నిధి. కానీ అది కూడా తడి చెయ్యి తగిలితే బూజే.

ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క చూసి మోసపోవద్దు. ఆ చుక్కకి అర్థం మాంసం, గుడ్డు లేవని మాత్రమే, పాలు లేవని కాదు. వీగన్ ఆహారానికి 2022లో వేరే నిబంధనలొచ్చాయి, వేరే గుర్తూ వచ్చింది: ఆకుపచ్చ రంగులో వి అక్షరం, దాని మీద చిన్న మొక్క. మన ఊరి కిరాణా కొట్లో ఆ గుర్తు అరుదుగా కనిపిస్తుంది కాబట్టి వెనక చిన్న అక్షరాలే చదవాలి. పాలపొడి, వే (whey), కేసిన్ (casein) ఏది కనబడినా పాడి ఉన్నట్టే. మసాలా చిప్స్‌లో కూడా ఉంటాయి.

హోటల్లో

విజయనగరంలో కోట దగ్గర ఒక హోటల్లో పెసరట్టు చెప్పాను. "నెయ్యి వద్దు" అని రెండుసార్లు చెప్పాను. అట్టు వచ్చింది, ఘుమఘుమ. "నెయ్యి వేశారా బాబూ?" అంటే సర్వర్ నొచ్చుకున్నాడు. "లేదమ్మా, మీరు వద్దన్నారు కదా. వాసనకి ఒక్క చుక్క, అంతే." వాళ్ళ లెక్కలో నెయ్యి వెయ్యడమంటే గరిటెడు పొయ్యడం. చుక్క లెక్కలోకి రాదు. అది మనని మోసం చెయ్యడం కాదు, మర్యాద చెయ్యడం. అప్పట్నించి సర్వర్‌తో పాటు పెనం దగ్గరున్న మనిషికి కూడా నేనే వెళ్ళి చెప్తున్నాను: "అన్నయ్యా, నూనెతోనే కాల్చండి. చుక్క కూడా నెయ్యి, బటరు వద్దు. నాకు పడదు." "వీగన్" అంటే ఎవరికీ అర్థం కాదు, "తినను" అంటే బతిమాలతారు, "పడదు" అంటే ఆగుతారు. ఇందులో కాస్త అబద్ధం ఉందేమో. నా మనసుకైతే పడదు కదా అని సర్దుకున్నాను.

మామూలు ఇడ్లీ, గారె, పూరీ, నూనెతో కాల్చిన పెసరట్టు దాదాపు భయం లేనివి. రవ్వ ఇడ్లీలో, చాలాచోట్ల రవ్వ దోసెలో కూడా పెరుగు కలుపుతారు. ఉప్మా, పొంగలి చాలాచోట్ల నేతితో చేస్తారు. కుర్మాలో తరచూ పెరుగో మీగడో ఉంటుంది. పనసకాయ బిర్యానీ పేరు చూసి ఆశపడతాం గానీ ముక్కలు పెరుగులో నానబెట్టినవే. అదే పనస, ఆవ పెట్టిన పనసపొట్టు కూరగా దొరికితే వదలొద్దు.

వేసవిలో హోటలుకి పొద్దున్నే వెళ్ళడం మంచిది. కొబ్బరి చట్నీ తెల్లారగట్ల రుబ్బుతారు. ఎంత తొందరగా వెళితే అంత మేలు. సాయంత్రం బజ్జీల వేళకి అదే గిన్నెలో ఉన్నదైతే అంచున సన్నటి నురుగు బుడగలు కనిపిస్తాయి. స్పూనుతో కదిపి చూడండి, బుడగలుంటే పక్కకి నెట్టెయ్యండి. అప్పుడు అల్లం పచ్చడి అడగాలి. చింతపండు, బెల్లం, ఉప్పు ఉంటాయి కనక అది నిలవ ఉంటుంది. కారప్పొడిలో నెయ్యి బదులు నూనె పొయ్యమనాలి. భోజనం హోటల్లో పెరుగు కప్పు కూర్చోగానే వెనక్కి ఇచ్చెయ్యండి, ముట్టుకోకపోయినా చివర్లో ఇస్తే పారబోస్తారు. పప్పు తిరగమోత నేతిదా నూనెదా అని అడిగాకే వడ్డించుకోవడం.

పెళ్ళిళ్ళ సంగతి వేరు. వేసవి ముహూర్తాల్లో వండేది తెల్లవారుజామున, మూడో బంతి లేచేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. మొహమాటపడకుండా మొదటి బంతిలో కూర్చోండి. బూరె వెయ్యగానే నేతి గిన్నె వెనకే వస్తుంది, దాన్ని చిదిమి గుంట చేసి మరీ పోస్తారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం తప్ప మార్గం లేదు. పూర్ణంలో ముందే నెయ్యి కలిపారో లేదో వంటవాళ్ళనే అడగాలి. చుట్టాలు మందస కోవా తెస్తే తీసుకుని, కళ్ళకద్దుకుని, పక్కింటి పిల్లలకి ఇచ్చెయ్యడం నా పద్ధతి. భీమాలి మామిడి తాండ్ర తెచ్చే చుట్టాలంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

దాహం, ఎండ

మన జిల్లాలు సముద్రం పక్కన ఉన్నాయి. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. గాలి వేడి 37 డిగ్రీలే అని చూసి ఫరవాలేదనుకోవద్దు. నిమ్మకాయ నీళ్ళలో ఉప్పు, పంచదార రెండూ వెయ్యాలి. విరేచనాలు పట్టుకుంటే లెక్క ప్రకారం కలపాలి: కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడెక్కువ. చెరుకు రసం ఐసు లేకుండా అడగండి. ఆ దిమ్మ ఏ నీళ్ళతో చేశారో, ఏ గోనెసంచిలో చుట్టి తెచ్చారో మనకి తెలీదు. కామెర్లు, టైఫాయిడ్ వచ్చే దారుల్లో అదొకటి. ముంజలు ఎదురుగా కాయ కొట్టించుకుని తినాలి, ఒలిచి పళ్ళెంలో పెట్టినవి వద్దు. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. గ్లాసు పట్టుకుని కూర్చోకుండా నీడకి చేర్చి, ఒళ్ళంతా తడిపి, 108కి ఫోన్ చెయ్యాలి.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. కొబ్బరిబొండం మంచిదే కదా అని కిడ్నీ రోగులకి రోజూ తాగించకండి. అందులో పొటాషియం ఎక్కువ. జబ్బు కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. జీడిపప్పు, పప్పులు, ఉప్పు నీళ్ళు కూడా ఎంతవరకన్నది డాక్టరే చెప్పాలి. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు వీగన్‌గా మారాలనుకుంటే వేసవిలో మాత్రం మొదలుపెట్టొద్దు.

మిగతావాళ్ళు మజ్జిగతో పాటు వదులుకునేది కాల్షియం, బి12. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే పాలలో 120 దాకా. కానీ గ్లాసు అంబలిలో పడే పిండి ముప్ఫై గ్రాములకి మించదు, అంటే వందే. నువ్వుపొడి, మునగాకు, తోటకూర తోడవ్వాలి. బి12 మాత్రం తరవాణిలో వస్తుందనుకోవద్దు, మాత్ర వేసుకోవాల్సిందే.

ప్రయాణానికి నిమ్మకాయ పులిహోర, వేయించిన గుళ్ళు, తాండ్ర. పులిహోర ఆరాకే డబ్బా మూత పెట్టాలి. వేడి మీద మూసిన డబ్బా ఆమదాలవలస స్టేషన్లో బండెక్కి తుని దాటేసరికి చెమట పట్టి పాచి వాసన కొడుతుంది.

మొన్న ఆదివారం ఎండన పడి ఊరెళితే అమ్మ గ్లాసు తెచ్చిచ్చింది. తెల్లగా ఉంది, అల్లం, కరివేపాకు తేలుతున్నాయి. నా మొహం చూసి, "తాగే, తరవాణే. నీ మిరపకాయలు కూడా ఏయించీను" అంది.