రొయ్యల గుంట గ్రాఫ్ పేజీలో కనబడకపోతే: జావా సర్వ్‌లెట్, ఎస్‌విజి చిక్కులు

అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ ఎంతుందో జావా సర్వ్‌లెట్ (సర్వర్‌లో నడిచే జావా ప్రోగ్రామ్) అప్పటికప్పుడు ఎస్‌విజిగా, అంటే ఎక్స్‌ఎంఎల్ ట్యాగులతో రాసే బొమ్మగా, గీసి పంపుతోందనుకుందాం. బొమ్మ రాలేదంటే ముందే కోడ్ మీద పడొద్దు. బొమ్మ చిరునామాను వేరే ట్యాబ్‌లో తెరిచి, ఎఫ్12 నొక్కి (బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరుచుకుంటాయి), మళ్లీ లోడ్ చేసి, నెట్‌వర్క్‌లో స్టేటస్, కంటెంట్ టైప్ చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

విరిగిన బొమ్మ గుర్తు వస్తోంది

స్టేటస్ 302 (వేరే చిరునామాకు మళ్లింపు) అయితే చాలావరకు లాగిన్ ఫిల్టర్ అడ్డుపడినట్టే. బొమ్మకు బదులు లాగిన్ పేజీ వస్తోంది.

టైప్ టెక్స్ట్/హెచ్‌టిఎంఎల్ అని ఉంటే దాన్ని ఇమేజ్/ఎస్‌విజి+ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి, పక్కనే యుటిఎఫ్-8 రాయండి. ఇది జవాబు రాయడానికి వాడే గెట్‌రైటర్ పిలవకముందే జరగాలి. తర్వాత రాసిన క్యారెక్టర్ సెట్‌ను సర్వ్‌లెట్ పట్టించుకోదు. "గుంట 3" అన్నది "???? 3" అయ్యేది ఇందుకే.

టైప్ సరిగ్గానే ఉన్నా ట్యాబ్‌లో గ్రాఫ్ బదులు ట్యాగుల చెట్టు కనబడితే, ఎస్‌విజి ట్యాగ్‌లో, ఇది ఎస్‌విజి అని బ్రౌజర్‌కు చెప్పే ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ (xmlns) లేదు. అదే కోడ్‌ను నేరుగా హెచ్‌టిఎంఎల్‌లో పెడితే పనిచేస్తుంది, అందుకే చాలామంది ఇక్కడ గంటలు పోగొట్టుకుంటారు. హెచ్‌టిఎంఎల్ పార్సర్ ఆ లోటు తానే పూడుస్తుంది, పేజీలో బొమ్మ పెట్టే ఐఎంజి ట్యాగ్ పూడ్చదు.

అన్ని గుంటలూ వస్తున్నాయి, ఒక్కటే రావట్లేదు

ఆ గుంట పేరు చూడండి. "మేత & మందులు" లాంటిది ఉంటుంది. విడి & గుర్తు ఎక్స్‌ఎంఎల్‌ను అక్కడే ఆపేస్తుంది. స్ట్రింగులు అతికించడం మానేసి జావాలోని ఎక్స్‌ఎంఎల్‌స్ట్రీమ్‌రైటర్ వాడితే అదే సరిచేస్తుంది.

ఫోన్‌లో కుడి అంచు తెగిపోతోంది

ఎస్‌విజి ట్యాగ్‌లో బొమ్మ హద్దులు చెప్పే వ్యూబాక్స్ (viewBox) లేదు. తెగేది తాజా రీడింగే కాబట్టి చిన్న తప్పు కాదు. గ్రాఫ్ 600, 300 కొలతల్లో గీస్తే "0 0 600 300" అని ఇవ్వండి.

రంగులు, ఫాంట్ మారిపోయాయి

పేజీ సిఎస్ఎస్, వెబ్‌ఫాంట్ ఐఎంజి లోపలికి రావు. స్టైల్ ఎస్‌విజిలోనే రాయాలి.

గ్రాఫ్ కదలట్లేదు

ఇదే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే తప్పున్నట్టే కనబడదు. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగినా తెర మీద రాత్రి పది గంటల గీతే ఉంటే నీటికి గాలి అందించే ఏరేటర్ ఎవరు వేస్తారు? బొమ్మను దాచుకోవద్దని బ్రౌజర్‌కు చెప్పేలా క్యాష్-కంట్రోల్‌కు నో-స్టోర్ పెట్టినంత మాత్రాన చాలదు. పేజీ తెరిచే ఉన్నప్పుడు అదే చిరునామాను మళ్లీ ఇస్తే బ్రౌజర్ సర్వర్‌ను అడక్కుండా తన దగ్గరున్న బొమ్మనే చూపించవచ్చు. ప్రతిసారీ చిరునామా చివర ఒక ప్రశ్న గుర్తు, దాని వెంట ఆ క్షణపు మిల్లీసెకన్ల అంకె చేర్చండి. బొమ్మలోనే ఒక మూల రీడింగ్ తీసిన సమయం కూడా గీయండి.