బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లే పెద్దలు ముందుగా చూసుకోవలసిన జాగ్రత్తలు

చలికాలంలో బెంగళూరు నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరకు బయలుదేరే మన తెలుగు పెద్దలు టికెట్టు రాగానే చూసుకునేది ఎక్కే వేళ, దిగే వేళ. అవి ఏ ఊరివి ఆ ఊరి సమయం ప్రకారం ఉంటాయి కనుక, ఒకదాంట్లోంచి ఒకటి తీసివేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. రోజూ మందులు వాడేవారు ఈ సంగతిని తప్పకుండా గమనించాలి.

ఈ రెండు నగరాల మధ్య దూరం నేరుగా సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా నేరుగా వచ్చిన ఎయిర్ ఇండియా విమానానికి దాదాపు 17 గంటలు పట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారితే దూరం 16,500 కిలోమీటర్ల దాకా పెరిగి, గాలిలోనే 21 గంటలు గడుస్తాయి.

ఉదాహరణకు, ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు బెంగళూరులో ఎక్కి, అదే ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారని అనుకుందాం. పదకొండు గంటలే అనిపిస్తుంది గానీ, చలికాలంలో ఆ ఊరు మనకంటే పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి అసలు ప్రయాణం ఇరవై నాలుగున్నర గంటలు. శనివారం రాత్రి ఇల్లు వదిలి బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి చేరడానికి, మూడు గంటల ముందే హాజరు కావడానికి, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాక ఇమిగ్రేషన్ వరుసలో నిలబడడానికి పట్టే సమయం దీనికి అదనం.

ఇప్పుడు రోజూ ఉదయం 8 గంటలకు బీపీ మాత్ర వేసుకునేవారి సంగతి చూడండి. ఆదివారం మాత్రను విమానంలోనే మన సమయం ప్రకారం వేసుకుని, తరువాతిదాన్ని అక్కడి సోమవారం ఉదయం 8 గంటలకు వేసుకుంటే, మధ్యలో ముప్పై ఏడున్నర గంటలు గడిచిపోతాయి. మన సోమవారం ఉదయం 8 అంటే అక్కడ ఆదివారం సాయంత్రం ఆరున్నర. అందుచేత మందుల వేళలను ఎలా మార్చుకోవాలో, ముఖ్యంగా ఇన్సులిన్, రక్తం పలచబడే మందులు వాడేవారు, బయలుదేరక ముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మందులన్నీ చీటీతో సహా క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి. చెకిన్ సామానులో పెట్టిన ఇన్సులిన్ చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో దేవనహళ్లి చుట్టూ పొగమంచు పట్టి విమానాలు ఆలస్యం కావచ్చు. కనుక మధ్యలో విమానం మారడానికి కనీసం మూడు గంటలు ఉండేలా, మొత్తం ప్రయాణం ఒకే బుకింగులో ఉండేలా చూసుకోవడం మంచిది. విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు మళ్లీ టికెట్టు కొనుక్కోవలసి రావచ్చు. కొంత డబ్బు మిగులుతుందని పెద్దవాళ్లను ఆ ఇబ్బందిలోకి నెట్టవద్దని పిల్లలకు నా మనవి. నడవలేనివారికి వీల్‌చెయిర్‌ను రెండు రోజుల ముందే విమాన సంస్థకు చెప్పి పెట్టుకోవాలి.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. గంటకోసారి పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ, వీలైనప్పుడల్లా లేచి నడుస్తూ ఉండాలి. మరుగుదొడ్డికి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేయకూడదు. నడవా పక్క సీటు ముందే అడిగి తీసుకుంటే ఆ మొహమాటం ఉండదు.