చలికాలమంతా కారు పక్కన పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

కూలెంట్ (రేడియేటర్‌లో పోసే, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం): అన్నిటికన్నా ముందు ఇదే. వేసవిలో ఉత్త నీళ్లు పోసి సరిపెట్టి ఉంటే, అవి గడ్డకట్టి ఉబ్బి ఇంజిన్ బ్లాకునే పగలగొడతాయి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ ఉంటే సుమారు మైనస్ 35 డిగ్రీల దాకా భయం లేదు.

బ్యాటరీ: నిండా ఛార్జ్ చేసి విప్పి ఇంట్లో పెట్టండి. ఛార్జింగ్ దిగిపోయినది త్వరగా గడ్డకడుతుంది.

హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, తుప్పుకి అతుక్కుపోతుంది. చక్రాలకు అడ్డు పెట్టండి.

పెట్రోల్: ట్యాంకు దాదాపు నింపి స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా కలిపే మందు) పోయండి. పోశాక 10 నిమిషాలు ఇంజిన్ నడపాలి, లేకపోతే అది ట్యాంకులోనే ఉండిపోతుంది.

ఎలుకలు: ఒకసారి వసంతంలో నా కారు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే, సీటు దూదితో అల్లిన గూడు, పక్కనే కొరికేసిన వైరు. అప్పట్నుంచి గాలి గొట్టానికీ సైలెన్సర్‌కీ ఇనుప పీచు కుక్కుతున్నాను. మీరూ కుక్కండి. తీయడం మర్చిపోకుండా స్టీరింగ్‌కి చీటీ కట్టండి.

టైర్లలో గాలి కాస్త ఎక్కువే ఉంచండి.

వారానికోసారి 5 నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం వద్దు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, తేమ ఆయిల్లోనే మిగిలిపోతుంది.