స్కాన్ రిపోర్టు వచ్చేదాకా టెన్షన్: ఎక్కడ తేడా కొడుతోందో చూసుకోండి

మా కోనసీమ ఊళ్లో ఎవరికి స్కానింగు రాసినా నాకు కబురొస్తుంది. "నిద్ర పట్టట్లేదండీ, రిపోర్టు ఇంకా రాలేదు" అనగానే నేను ముందు బిల్లు చూపించమంటాను.

ఇస్తామన్న రోజు దాటింది, కబురు లేదు

బిల్లు మీద ఫోన్ నంబరు ఎవరిది? చాలాసార్లు హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయిది. రిపోర్టు ఆయన వాట్సాప్‌లో ఎప్పుడో పడి ఉంటుంది, ఆయన చూసుకుని ఉండడు. ఇక్కడ అమ్మ దేవుడి గదిలోంచి లేవదు. రిపోర్టు ఎప్పుడిస్తారు, ఏ నంబరుకు పంపుతారు, డాక్టరు గారి ఓపీ ఏ రోజు? కౌంటరు దగ్గర ఈ మూడూ అడక్కుండా కాకినాడలో బస్సెక్కేసి, ఎదుర్లంక వంతెన మీద నుంచి నాకు ఫోన్ చేస్తే నేనేం చెప్పనండీ!

సూది వేసి మళ్లీ తీశారు, టెక్నీషియన్ నోరు విప్పలేదు

ఆ సూది కాంట్రాస్టు మందు, బొమ్మలో లోపలి భాగాలు స్పష్టంగా కనబడటానికి వేసేది. మందు లేకుండా ఒకసారి, మందుతో ఒకసారి తీయడం చాలా స్కాన్లలో మామూలే. టెక్నీషియన్ బొమ్మలు తీస్తాడు, చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. కాబట్టి అతని మొహంలో జాతకం వెతక్కండి. పాత ఫిల్ములుంటే ఇచ్చేయండి, పోల్చి చూస్తారు. ఒంట్లోంచి చిన్న ముక్క తీసి చూసే ముక్క పరీక్షకైతే (బయాప్సీ) రోజులు పడతాయి. ముక్కను మందులో నానబెట్టి, మైనంలో పెట్టి, పల్చగా కోసి చూడాలి మరి.

మొన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి అన్నం మానేశారు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. "రిపోర్టు భయమండీ" అని సరిపెట్టేస్తారు. ఇంట్లో ఏం మారిందో చూడరు. ఫోన్ మోగితే అల్లుడు వీధిలోకి వెళ్లి మాట్లాడతాడు. స్కాను తీయించుకున్న ఆవిడ వంటింట్లోకి రాగానే కోడళ్లు మాట మార్చి పులుసులో ఉప్పు సరిపోయిందా అంటారు. పండక్కి కూడా రాని చిన్నబ్బాయి సెలవు పెట్టి గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగుతాడు. పిన్ని వరసావిడ బత్తాయిలు పట్టుకొచ్చి, చెయ్యి పట్టుకుని వదలదు. ఇంకేముంది! రిపోర్టు రానే లేదు, ఆవిడ లెక్కలో మాత్రం వచ్చేసింది, వీళ్లంతా దాచేశారు. "టెన్షన్ పడుతుందని చెప్పట్లేదండీ" అంటారు గానీ, ఆ గుసగుసలే ఆవిడ్ని తినేస్తున్నాయి.

మందు ఒకటే. ఆవిడ ముందే పైకి చెప్పండి: "అమ్మా, రిపోర్టు ఇంకా రాలేదు. గురువారం సాయంత్రం ఇస్తామన్నారు. శుక్రవారం డాక్టరు గారి దగ్గరికి నువ్వూ వస్తున్నావు." రోజు, వేళ చెప్పాలి. "ఏం కాదులే" అన్నారో, అనుమానం ఇంకా పెరుగుతుంది. ఆ మీదట ఫోన్లన్నీ ఆవిడ ముందే. చుట్టాలకు కబురు ఒక్కరే చెప్పండి. ఆవిడ్ని మంచానికి కట్టేయకండి కూడా. కొబ్బరి దింపు ఉంటే కాయల లెక్క ఆవిడకే వదిలేయండి.

రిపోర్టు రాత్రి వచ్చింది, ఓపీ ఎల్లుండి

గూగుల్ జోలికి పోకండి. చివర్న "క్లినికల్ కోరిలేషన్" అని చూసి బెంబేలెత్తకండి. అది రోగి లక్షణాలతో కలిపి చూసుకోమని డాక్టరుకు రాసే మాట, బోలెడు రిపోర్టుల్లో ఉంటుంది.

రిపోర్టులు తారుమారవడం అరుదు, పేరూ వయసూ సరిచూసుకుంటే చాలు. గుండెనొప్పి, ఆయాసం వస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. అంతా బాగుందని డాక్టరు చెప్పాక కూడా నిద్ర రాకపోతే అది వేరే సంగతి. మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైను టెలి మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.