మైళ్లతో విదేశీ టికెట్టు: చివరికి నాకు ఎలా దొరికిందంటే

ఖాతాలో మైళ్లు (విమాన సంస్థలు ఇచ్చే, టికెట్టుకు మార్చుకోగల పాయింట్లు), మైళ్లుగా మార్చుకోగల క్రెడిట్ కార్డు పాయింట్లు దండిగా ఉన్నాయి, సీటు మాత్రం లేదు. అందరూ ఎగబడే మార్గం కావడంతో ఏ తేదీ నొక్కినా ‘అందుబాటులో లేదు’ అనే జవాబే. తేదీలు మార్చాను, అర్ధరాత్రుళ్లు వెతికాను, ఏడాది ముందు నుంచే కాచుకున్నాను, ఫలితం సున్నా.

పనిచేసింది ఇది. ముందుగా, ఇద్దరికి కలిపి కాకుండా ఒక్క సీటుకే వెతికాను. తర్వాత ప్రయాణాన్ని ముక్కలు చేసి, ఖండాలు దాటే పెద్ద విమానాన్ని విడిగా చూశాను. అదీ నా మైళ్లున్న విమాన సంస్థ సైట్‌లో కాదు, అది ఉన్న కూటమిలోనే మరో సంస్థ సైట్‌లో. (స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ లాంటి కూటముల్లో ఒక సంస్థ మైళ్లతో మరో సంస్థ విమానం ఎక్కవచ్చు.) వారం మధ్యలో ఒక సీటు కనిపించింది. విమానం నంబరు, తేదీ, తరగతి రాసుకుని, నా సంస్థకు ఫోన్ చేసి అవే చదివి వినిపించాను. సీటు ఉందని వాళ్లు చెప్పాకే క్రెడిట్ కార్డు పాయింట్లను మైళ్లుగా మార్చాను. ఈ వరుస తప్పవద్దు. మార్చిన పాయింట్లు సాధారణంగా వెనక్కి రావు. మిగిలిన ముక్కకు కావలసిన చిన్న విమానాన్ని అదే టికెట్టులో కలిపించుకున్నాను.

రెండో సీటు మరుసటి రోజు విమానంలో దొరికింది, అంటే విడివిడి ప్రయాణమే. సెలవుల రద్దీలో ఇదే ఉపాయం పారుతుందని హామీ ఇవ్వలేను. పైగా కొన్ని సంస్థలు మంచి సీట్లను సొంత సభ్యులకే అట్టిపెట్టుకుంటాయి.